చుక్కల గీత

మా సార్‌కు బెంజీన్ అంటే జేనుగూడు. తేనెపట్టుకు మా వైపు కన్నడం కలిసిన మాట అది. ఆరు మూలల బొమ్మ ఎక్కడ కనిపించినా ఆయనకు జేనుగూడే. "ఈ పొద్దు ఎన్ని జేనుగూళ్ళు అయినాయప్పా?" అంటూ మా కుర్చీల వెనక పచార్లు చేసేవాడు. ప్రపంచానికి రసాయనశాస్త్రాన్ని అందించే సంస్థకు ఈయన యజమాని. ఆ మాట నేను కల్పించింది కాదు, ఆయన విజిటింగ్ కార్డు మీద అచ్చువేయించుకున్నది.

అంతకుముందు ఆయనది జిరాక్సు అంగడి. కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు మా ఊళ్ళో అందరూ ఏదో ఒకటి పోగొట్టుకున్నారు, ఈయన తప్ప. సర్వీసు కాయితాలు, ఇంటి కాయితాలు, డాక్టరు కాయితాలు, అన్నిటికీ రెండేసి కాపీలు కావాలని పైనుంచి ఆజ్ఞ. గని కార్మికులంతా ఈయన అంగడి ముందు బారులు తీరారు. ఆ రద్దీతో అంగడి పైన ఒక గది కట్టించి, ఆరు కంప్యూటర్లు పెట్టి, గోడకు "వరల్డ్ క్లాస్ క్వాలిటీ" అని అట్ట తగిలించాడు. ఆ అట్టలో క్వాలిటీకి ఒక అక్షరం తక్కువ. నేను చేరిన రోజే చెప్పాను. "సుమ్నె ఉండమ్మా, ఎవరు చదువుతారు?" అన్నాడు. ఆయన దృష్టిలో రాత అనేది చదవడానికి కాదు, తగిలించడానికి.

పని ఎలా వచ్చేదంటే, పరదేశంలో ఎవరో మందుల గురించి ఒక పెద్ద పుస్తకం వేశారు. దాన్ని ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టాలి. అందులో వేలకొద్దీ రసాయనాల నిర్మాణ చిత్రాలు. ఆ పని బెంగళూరులో ఒక కంపెనీకి వచ్చింది. ఆ కంపెనీ అందులో విసుగు పుట్టించే భాగం మా సార్‌కు పారేసింది. పెద్దింటి పెళ్ళిలో విస్తరాకులు ఎత్తే పని మాది. అయినా మా సార్ పెళ్ళికొడుకులా తిరిగేవాడు.

చిత్రాలు గీసినవాళ్ళ కంప్యూటర్ల జాతి వేరు, మా కంప్యూటర్ల జాతి వేరు. ఒక జాతి వండింది ఇంకో జాతి తినదు. వాళ్ళ సీడీ మా దాంట్లో పెడితే ప్రతి ఫైలుకూ ఒక జోడు కనిపించేది. ఆ జోడును తెరిస్తే లోపల ఏమీ ఉండదు. అసలు ఫైలుకేమో పేరు చివర తోక ఉండేది కాదు. ఆ చుక్కా మూడక్షరాల తోకా మేమే తగిలిస్తే గానీ మా కంప్యూటర్ దాని మొహం చూసేది కాదు. తగిలించి తెరిచాక అసలు వినోదం. బీటా అని ఉండవలసిన చోట వట్టి బి. డిగ్రీ గుర్తు ఉండవలసిన చోట తలకిందులైన ఆశ్చర్యార్థకం. కింద చిన్నగా ఉండవలసిన అంకెలు పైకెక్కి అక్షరాల పక్కన సమానంగా నిలబడేవి. నైట్రోజన్ అక్షరం గుండెలో నుంచి గీత దూసుకుపోయేది. మేం చేయవలసిందల్లా పరదేశం వాళ్ళు పంపిన కాగితం ప్రింటు పక్కన పెట్టుకుని, తెర మీద విరిగినదాన్ని మళ్ళీ గీసి, వెబ్ పేజీలో పట్టేంత చిన్న బొమ్మగా మార్చి పంపడం.

నేను బీఎస్సీ. మా ఊరి కాలేజీలోనే చదివాను. ఆ గదిలో కెమిస్ట్రీ చదివింది నేనొక్కదాన్నే. కాబట్టి నాది చెకింగ్. మిగతావాళ్ళు గీస్తారు, నేను చూసి సరే అంటాను. ఇరవై మూడేళ్ళ పిల్లకు ఇంతకంటే ప్రమాదకరమైన ఉద్యోగం ఉండదు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. టేకల్ నుంచి రైల్లో వచ్చే అమ్మాయి ఒకతి ఉండేది, వాళ్ళ ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. ఒకసారి ఆ అమ్మాయి క్లోరిన్‌కు ఎల్ అక్షరం మరిచిపోయి కార్బన్ చేసింది. దాన్ని పట్టుకుని ఆరు నెలలు ఏడిపించాను. ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా తిరిగి అనలేదు. అనవలసింది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. గని నడిచినన్నాళ్ళు మా ఊళ్ళో అసలు కులాలు రెండే: సర్ఫేస్, అండర్‌గ్రౌండ్. నేల మీద ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు సర్ఫేస్. కేజీ అనే ఇనుప బోనులో నిలబడి నేల కిందికి దిగేవాళ్ళు అండర్‌గ్రౌండ్. సర్ఫేస్ వాళ్ళ ఇళ్ళకు వరండాలుండేవి. కోరమండల్‌ పేటలో మావి వరసగా కట్టిన ఒంటి గది లైన్ ఇళ్ళు. చర్చిలో కూడా ముందు బెంచీలు సర్ఫేస్ వాళ్ళవి. దేవుడికి ఈ తేడా తెలియదని పాస్టరుగారు చెప్పేవారు గానీ, బెంచీలకు తెలుసు. మా నాయన ముప్పై ఏళ్ళు కిందికి దిగినవాడు, చివర్లో ఒక గ్యాంగుకు మేస్త్రీ. ఇంట్లో సర్ఫేస్ అన్న మాట తిట్టులాగే వాడేవాడు. "పైన కూసున్నోనికి కింద ఉక్క ఏం తెలుస్తాది?" అనేవాడు. నేను ఆ మాట పాలతో పాటు తాగి పెరిగాను.

అలాంటి నా పక్క కుర్చీలోకి ఒక సర్ఫేస్ ముసలాయన వచ్చాడు. గని డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరి, గని ప్లాన్లు గీస్తూ గీస్తూ అక్కడే నెరిసినవాడు. గని మూసేశాక ఆయన చేతికి పని లేదు. బెంగళూరు రైల్లో రోజూ నిలబడి పోయి వచ్చే ఓపిక లేదు. మా సార్ దగ్గర తప్ప ఆ చేతికి ఊళ్ళో ఇంకెక్కడా పని దొరకదు. ఈ సంగతి ఆయనకు తెలుసు, మా సార్‌కు ఇంకా బాగా తెలుసు. అందుకే ఆయన్ని "ఏమయ్యా" అని పిలిచేవాడు.

ఆయన రోజూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ఆదివారం ఆరాధనకు వచ్చినట్టు వచ్చేవాడు. చేతులు కడుక్కుని, జేబురుమాలుతో మౌస్ తుడిచి, అప్పుడు ముట్టుకునేవాడు. తప్పు గీస్తే రెండు మీటలు నొక్కి దాన్ని మాయం చేయవచ్చని నేర్పితే సంతోషించాల్సింది పోయి మొహం మాడ్చుకున్నాడు.

"తప్పు కనపడల్ల గదమ్మా" అన్నాడు. "మేము బ్లేడుతో గీకేవాళ్ళం. గీకిన చోట ట్రేసింగ్ గుడ్డ పల్చనయ్యేది. తర్వాత చూసేటోనికి ఈడ ఏదో మారిందని తెలిసేది."

నేను నవ్వాను. ఆయన ఏం చెప్పినా నవ్వేదాన్ని. అన్నిటికంటే పెద్ద నవ్వు ఇంకొకటి. గని లోపలి దారులన్నీ జీవితమంతా గీసిన ఈ మనిషి ఒక్కసారి కూడా కిందికి దిగలేదట. ఎందుకు దిగలేదంటే, సిగ్గుపడకుండా "నాకు తల తిరుగుతాదమ్మా" అన్నాడు. ఆ రోజు ఇంటికి పోయి నాయనకు ఒలకబోసి చెప్పాను. "మా ఆఫీసులో సర్ఫేస్ ముసలాయన ఒకడుండాడు నాయనా, గనిలోకి దిగాలంటే తల తిరుగుతాదంట." నాయన పగలబడి నవ్వాడు. పేబిల్లులు రాసే గుమాస్తా అనుకున్నాడో ఏమో, ఎవరని అడగలేదు. నేను డ్రాయింగ్ ఆఫీసని చెప్పలేదు. ముసలాయన అనే చెప్పేదాన్ని ఎప్పుడూ. ఇంట్లో మా ఇద్దరికీ అదొక ఆట అయిపోయింది. రాగిముద్దలోకి నంజుకోవడానికి రోజుకొక కబురు తీసుకుపోయేదాన్ని.

ఆయన చెయ్యి మాత్రం నిజంగా గొప్ప చెయ్యి. మేం ఐదు గీసే లోపల ఆయన రెండే గీసేవాడు గానీ ఆ రెండిటికీ నేను చెకింగ్ చేయవలసిన పని ఉండేది కాదు. అది కూడా నాకు చిరాకే. తప్పు దొరకని మనిషిని ఎలా భరించడం?

ఆయన చొక్కా జేబులో ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. అది మార్పుల పుస్తకం. డ్రాయింగ్ ఆఫీసులో రివాజట. గీసిన ప్లాన్‌లో ఒక్క గీత మార్చమని ఎవరు చెప్పినా, ఏ గీత, ఎందుకు అని పుస్తకంలో రాసుకుని, చెప్పినవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని, అప్పుడే మార్చాలి. మేనేజరైనా సరే, సంతకం లేకపోతే గీత కదలదు. గని మూసేసినా ఈయన రివాజు మూసెయ్యలేదు. సార్ బొమ్మ సైజు మార్చమంటే పుస్తకం తీసి ముందు పెట్టేవాడు. సార్ "ఆయితు, ఆయితు" అంటూ, అంటే సరేలే సరేలే అంటూ, తప్పించుకుని పారిపోయేవాడు.

ఆ యేడు వానలకు ముందు ఒక అధ్యాయం వచ్చింది. అంతకుముందు వచ్చినవన్నీ చదునుగా, ముగ్గుల్లా ఉండే బొమ్మలు. ఈ అధ్యాయంలో కొత్త రకం గీతలు. ఒక చివర సన్నగా మొదలై ఇంకో చివరకు వెడల్పయ్యే గీతలు, సన్న మేకుల ఆకారంలో. వాటిలో కొన్ని నల్లగా నిండుగా ఉన్నాయి. కొన్ని నిండుగా లేవు, చిన్న చిన్న అడ్డగీతలుగా తెగి ఉన్నాయి. తెర మీద చిన్న బొమ్మగా మార్చగానే ఆ తెగినవి ఒకదానికొకటి అంటుకుని మసిమరకలయ్యేవి. ఎన్నిసార్లు మార్చినా అంతే. సార్ మరకలు చూసి క్వాలిటీ క్వాలిటీ అని గంతులు వేశాడు.

నాకు ఉపాయం తట్టింది. తెగిన గీతలు వాళ్ళ జాతి కంప్యూటర్ లోపం. బీటాను బి చేసినట్టు, నిండు గీతను ఇలా సగం సగం నింపింది. ప్రింటు కూడా అదే కంప్యూటర్ నుంచి తీసిందే కాబట్టి ప్రింటులోనూ అలాగే వచ్చింది. అన్నీ నిండుగా గీసేస్తే సరి. మరకా ఉండదు, గొడవా ఉండదు. ఈ గీతల గురించి కాలేజీలో ఒక పాఠం ఉండేది. పరీక్షలో ఛాయిస్ ఉంది కదా అని దాన్ని వదిలేశాను. ఛాయిస్‌లో వదిలేసిన పాఠం లోకంలో లేదనే నమ్మకం అప్పుడు నాకు.

ముసలాయన ప్రింటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఇవి నిండుగా వెయ్యమన్నావంట?"

"అవును. అది కంప్యూటర్ తప్పు."

"కంప్యూటర్ తప్పయితే అన్నీ తెగిపోవల్ల గదమ్మా. కొన్నే తెగినాయి. చూడు, ఈ బొమ్మలో ఇది నిండుగా ఉండాది, పక్కన ఇదొక్కటే చుక్కలుగా ఉండాది." ఆయన తెగిన గీతలన్నిటినీ చుక్కలే అనేవాడు. "నిండుది పైకి వస్తుండాది. చుక్కలది కిందికి పోతుండాది. కాయితం కిందికి. మా ప్లాన్లలో కూడా చుక్కల గీతంటే కిందనే. రెండూ ఒకటే మాదిరి వేస్తే కింద ఏముండాదో ఎట్ల తెలుస్తాది?"

ఎంత నెమ్మదిగా చెప్పాడో నాకిప్పటికీ గుర్తు. ఒక్క నిమిషం ఆ బొమ్మ వంక చూసి ఉంటే నాకే తెలిసిపోయేది. కానీ చెబుతున్నది ఎవరు? గనిలోకి దిగితే తల తిరిగే మనిషి. సర్ఫేస్ మనిషి నాకు కింద అంటే ఏమిటో చెప్పేదా? ఇంటిల్లిపాదీ కింద ఊపిరి పీల్చి బతికినవాళ్ళం మేము. అదీగాక నేను బీఎస్సీ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"ఇది గని కాదు. కెమిస్ట్రీ" అన్నాను. "మీకు తెలీనిదాంట్లో తల పెట్టొద్దు. ఇందులోకి దిగినా మీకు తల తిరుగుతాది."

పక్కన అమ్మాయిలు నవ్వారు. ఆయన నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. జేబులోంచి పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు. "చుక్కల గీతలు అన్నీ నిండుగా వేయవలెను" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

"సంతకం పెట్టమ్మా."

నాకు చచ్చేంత నవ్వొచ్చింది. సార్ తప్పించుకుని తిరిగే ఆ పుస్తకంలో, సినిమా స్టారు ఆటోగ్రాఫ్ ఇచ్చినట్టు, పెద్ద తోక తిప్పి సంతకం చేశాను. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నేను వినలేదు. అప్పటికే టేకల్ అమ్మాయి దగ్గరికి ఈ తమాషా చెప్పడానికి లేచాను. ఆయన తన కుర్చీకి పోయి ఆ అధ్యాయంలో చుక్కల గీతలన్నీ ఒక్కటి వదలకుండా నిండుగా గీశాడు. అంత అందంగా గీసిన తప్పు నేను మళ్ళీ చూడలేదు.

మూడు వారాల తర్వాత, శనివారం మధ్యాహ్నం, బెంగళూరు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. అధ్యాయం మొత్తం తిప్పి కొట్టారు. ఇలాంటిది ఇంకొకటి జరిగితే పని వేరేవాళ్ళకు ఇస్తాం, దీనికి బాధ్యులెవరో చూసి, వాళ్ళను తీసేసి మాకు చెప్పండి అని కూడా ఉంది. సార్ దాన్ని ప్రింటు తీసి అందరి ముందూ పైకి చదివాడు. ఇంగ్లీషు ఆయన నోట్లో చెప్పులో రాయిలా పలికేది.

"ఆల్ స్టీరియో ఈజ్ లాస్ట్." చదివి తల ఎత్తాడు. "స్టీరియో పోయిందంటే ఏమప్పా? మనం పాటలేమీ పంపలేదే?"

ఇంకొక రోజైతే ఆ మాటకు నెల రోజులు నవ్వుకునేదాన్ని. ఆ రోజు కాగితం తీసుకుని మిగతాది చదివాను. వాళ్ళ కెమిస్టు ఓపికగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు రాశాడు. స్టీరియో అంటే అణువులో ఏ భాగం పైకి, ఏ భాగం కిందికి ఉందో ఆ అమరిక అని. నిండు గీత అంటే అణువులో ఆ భాగం కాగితం మీది నుంచి చదివేవాడి వైపు లేచి ఉందని. తెగిన గీత అంటే కాగితం కిందికి పోయిందని. ఫలానా పేజీలో రెండు మందులున్నాయి, కవలలు. అన్నీ ఒకటే, ఒక్క గీత తప్ప. ఒకదాంట్లో అది పైకి, ఇంకోదాంట్లో కిందికి. ఒకటి జబ్బు తగ్గిస్తుంది, ఇంకోటి తగ్గించదు. మీరు రెండిటినీ ఒకే మందు చేశారు.

ముసలాయన నాకు చెప్పిందీ ఇదే. ఒక్క ముక్క తేడా లేదు. ఏ పుస్తకమూ చదవకుండా, గీత చూసి చెప్పాడు.

"ఎవరు గీసింది ఇది?" అని సార్ రిజిస్టరు తెరిచాడు. అధ్యాయమంతా ఒకటే పేరు. "నేను ముందే అనుకున్నా. ఏమయ్యా, కండ్లు కనపడవా నీకు? చుక్కలు కనపడవా? కనపడకపోతే ఇంట్లో కూసోవల్ల గదా!"

రిజిస్టరులో చెకింగ్ అని ఇంకొక గడి ఉంటుంది. అందులో నా పొడి అక్షరాలున్నాయి. సార్ వేలు ఆ గడి మీదుగా పోయింది గానీ ఆగలేదు. బెంగళూరు వాళ్ళకు ఇంగ్లీషులో జవాబు రాయాల్సింది నేను. నన్ను తీసేస్తే ఆయన స్టీరియో గురించి ఎవరిని అడుగుతాడు?

ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆయన చెయ్యి చొక్కా జేబు దాకా పోయింది. పుస్తకం అంచు నాకు కనిపించింది. ఇప్పుడు తీస్తాడు, ఇప్పుడు ఆ తోక సంతకం అందరూ చూస్తారు అనుకున్నాను. ఆయన జేబులోంచి జేబురుమాలు తీశాడు. మౌస్ తుడిచాడు. దాన్ని తిన్నగా దాని అట్ట మీద పెట్టాడు.

"కండ్లు బాగానే ఉండాయి సార్" అన్నాడు. టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నా నోరు పడిపోయింది అని చెప్పుకోవచ్చు. పడిపోలేదు. నేనే మూసుకున్నాను. సార్ మూర్ఖుడని, పిరికివాడని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ గదిలో ఆ రోజు ఆయనకంటే హీనమైన మనిషి ఒకరున్నారు.

మరుసటి రోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక నాయన లైను ముందు బండ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గని మూసేశాక ఆయన బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరాడు. పగటిపూట ఇంట్లో కనిపించేది ఆదివారమే. నా మొహం చూసి, నవ్వించడానికి, "ఏమంటాడు మీ సర్ఫేస్ ముసలాయన?" అన్నాడు.

"తీసేసినారు నాయనా."

"అట్లనా? ఏమిటికి?"

"గీత తప్పు వేసినాడంట."

"గుమాస్తాకు గీతలేమిటికి?"

"గుమాస్తా కాదు. గని డ్రాయింగ్ ఆఫీసులో ప్లాన్లు గీసేవాడంట" అని ఆయన పేరు చెప్పాను.

నాయన టీ గ్లాసు బండ మీద పెట్టాడు. ఆ పేరులో పొడి అక్షరాలు రెండూ తనలో తాను పలికి చూసుకున్నాడు.

"ప్లాన్ మూలలో ఉండేవి ఆ రెండక్షరాలు" అన్నాడు. "మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదు. గీత చూసినా. షిఫ్టుకు ముందు మాకు ప్లాన్ చూపించేవాళ్ళు. చుక్కల గీతుంటే దాని కింద పాత సొరంగం ఉండాదని అర్థం. పైకి గట్టిగా కనపడతాది, కింద బోలు. ఆడ డ్రిల్లు పెడితే మనుషులంతా లోపలికి పోతారు. ఆయన చుక్కలు పెట్టిన చోట నేనెప్పుడూ కాలు పెట్టలా. ముప్పై ఏండ్లలో ఒక్క చుక్క కూడా తప్పలేదు." అప్పుడు నవ్వాడు. వేళాకోళపు నవ్వు, నేను ఆయన దగ్గరే నేర్చుకున్న నవ్వు. "ఆయన గీత తప్పంట! చుక్కంటే ఏందో తెలీని ఏ దద్దమ్మ చెప్పిందమ్మా ఆ మాట?"

"నేనే నాయనా" అన్నాను.

నవ్వు సగంలో ఆగింది. జరిగిందంతా చెప్పాను. తల తిరుగుతాది అని నేనన్న మాట కూడా దాచుకోలేదు. నాయన తిట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని అయినా అంటాడనుకున్నాను, అదీ అనలేదు. నా వైపు చూడకుండా అడిగాడు:

"పుస్తకంలో సంతకం పెట్టినావా?"

"పెట్టినాను."

"మరి ఆయన దాన్ని ఏమిటికి చూపించలేదు?"

"తెలీదు."

"పొయ్యి అడుగు."

ఆయన ఇల్లు ఊరిగాం వైపు. నడుచుకుంటూ పోయాను. దారంతా, నా మీద జాలిపడి పుస్తకం తీయలేదని చెబుతాడని అనుకుంటూ పోయాను. అప్పుడు ఏడవాలో, కాళ్ళు పట్టుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆయన వరండాలో ఉన్నాడు. ఆదివారం చొక్కా విప్పలేదు. నన్ను చూసి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"పుస్తకం ఏమిటికి తీయలేదు మీరు?"

ఆయన లోపలికి పోయి పుస్తకం తెచ్చి ఆ పేజీ తెరిచాడు. నా సంతకం తోక పేజీ మొత్తం ఆక్రమించి ఉంది. దాని పక్కన ఖాళీ చోటు మీద వేలు పెట్టాడు.

"తేదీ వెయ్యలేదమ్మా నువ్వు. వెయ్యమని చెప్పేలోగా ఎళ్ళిపోతివి. తేదీ లేని సంతకం చెల్లదు. చెల్లనిది తీసి ఏం చూపించేది?"

ఆయన మొహంలో వెతికాను. నన్ను కాపాడడానికి చెబుతున్నాడా, నిజంగానే రివాజు చెబుతున్నాడా అని. ఈ రోజుకీ నాకు తెలియదు. నాకు కళ్ళు మండాయి. సిగ్గుతో, అచ్చమైన సిగ్గుతో.

"పెన్ను ఇయ్యండి" అన్నాను. "ఏ తేదీ వెయ్యల్ల?"

"నువ్వు చెప్పిన పొద్దుది."

వేశాను. పుస్తకం తీసుకుని సోమవారం సార్ ముందు పెట్టాను. తీసేయాల్సింది నన్ను అని చెప్పాను. సార్ సంతకం చూశాడు, తేదీ చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు అర్థమైంది ఒకటే సంగతి: వారంలోపల అధ్యాయమంతా మళ్ళీ గీసి పంపాలి, ఆ చెయ్యి ఊళ్ళో ఇంకొకరికి లేదు. నన్ను తీసేస్తే ఇంగ్లీషు లేదు. బాధ్యులను తీసేశామని బెంగళూరుకు ఒక అబద్ధం రాయించి, అదీ నా చేతే రాయించి, "ఆయితు, పిలుచుకొని రా పో" అన్నాడు. న్యాయం అనే మాట ఆయన విజిటింగ్ కార్డు మీద లేదు మరి.

ముసలాయన మరునాడు ఎప్పటిలాగే వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. మౌస్ తుడిచాడు. మొదటి ప్రింటు ముందు పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"చుక్కలు?"

"చుక్కలే" అన్నాను.

"చిన్నది చేస్తే మరకవుతాది. అడ్డగీతలు తక్కువ వేసి, ఎడం పెంచితే నిలుస్తాయి. మార్చేదా?"

"మార్చండి."

పుస్తకం తీసి రాసి నా ముందుకు జరిపాడు. అమ్మాయిలెవరూ నవ్వలేదు. నేను చిన్నగా, తోక లేకుండా సంతకం పెట్టాను. ఆయన నోరు తెరవకముందే పక్కన తేదీ వేశాను.